కెడిల్‌స్టన్ హాల్: డెర్బీషైర్ నుంచి కలకత్తా దాకా ఒక ఇంటి ప్లాను

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ ఒక్క ఇంటి గురించే మాట్లాడతాను. ఇంగ్లాండ్‌లో డెర్బీ పట్టణానికి వాయవ్యంగా కొన్ని మైళ్లు వెళ్తే పచ్చిక బయళ్ల మధ్య కనిపిస్తుంది. పేరు కెడిల్‌స్టన్ హాల్. 1759లో పని మొదలై, 1765 నాటికి భవనం చాలావరకు నిలబడింది. ఇంగ్లాండ్ పల్లెల్లో ఇలాంటి జమీందారీ భవంతులు వందల్లో ఉన్నాయి. చాట్స్‌వర్త్ ఇంతకంటే ప్రసిద్ధం, బ్లెనిమ్ ఇంతకంటే పెద్దది. అయినా దీన్నే ఎంచుకున్నాను. ఎందుకంటే ఇంత ఖర్చుపెట్టి కట్టిన మధ్య భవనంలో ఇంటివాళ్లు కాపురం ఉండలేదు. ఉందామని కట్టుకోనూ లేదు. అది వచ్చినవాళ్లు చూసి నోరెళ్లబెట్టడానికి కట్టింది. అలాంటి ఇంటి ప్లాను నలభై ఏళ్లు తిరక్కుండానే కలకత్తా చేరి, అక్కడ పాలనకు పనికొచ్చే భవనమైంది. ఈ ప్రయాణమే నాకు ఆసక్తి. మన హైదరాబాద్ కోఠీ సంగతి కూడా చివర్లో వస్తుంది.

కర్జన్ కుటుంబం ఆ ఊళ్లో 12వ శతాబ్దం నుంచీ ఉంది. 1758లో తండ్రి పోయాక సర్ నథానియల్ కర్జన్ చేతికి ఆస్తి వచ్చింది. అప్పటికి ఆయన ముప్పైల్లో ఉన్నాడు. అక్కడ అప్పటికే ఒక ఇటుక ఇల్లు ఉంది, అదీ 1700 ప్రాంతంలో కట్టిందే. కూలిపోయే ఇల్లేం కాదు. కానీ అదే జిల్లాలో, చాట్స్‌వర్త్‌లో, డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ కుటుంబం ఉంది. వాళ్లు విగ్ పార్టీ, కర్జన్లు టోరీ పార్టీ. జిల్లాలో పెద్దరికం ఎవరిదన్న పంతం ఉంది. పంతం ఉన్నచోట ఇళ్లు పెద్దవవుతాయి, ఈ విషయంలో ఏ దేశమైనా ఒకటే.

నథానియల్ పాత ఇంటిని పడగొట్టించాడు. ఇంటి చుట్టూ ఉన్న కెడిల్‌స్టన్ గ్రామం కూడా చూపుకి అడ్డమనిపించింది. దాన్నీ అక్కడి నుంచి లేపేసి దూరంగా పెట్టించాడు. రోడ్డును కూడా మళ్లించారు. చర్చిని మాత్రం కదపలేదు, తాత ముత్తాతల సమాధులన్నీ అందులోనే ఉన్నాయి మరి. అందుకే ఇప్పుడు వెళ్తే ఊరు లేని చర్చి ఒకటి భవనాన్ని ఆనుకుని విడ్డూరంగా కనిపిస్తుంది. ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో ముఖద్వారం ఫొటోలు ఉంటాయి, ఆ చర్చి ఎందుకు ఒంటరిగా ఉందో రాయరు. ప్రకృతి సహజంగా కనిపించే ఇంగ్లీషు పార్కులు చాలావాటి కింద ఇలా చెరిపేసిన ఊళ్లున్నాయి.

ఇప్పుడు ప్లాను చూద్దాం. తెర మీద ఉంది. మధ్యలో పెద్ద దీర్ఘచతురస్రం. దాని మూలల నుంచి చేతులు చాచినట్టు వంపు తిరిగిన కారిడార్లు, ఒక్కో కారిడార్ చివర ఒక విడి భవనం. ఈ ఆలోచన ఇటలీది. 16వ శతాబ్దంలో విచెంజా ప్రాంతంలో పనిచేసిన ఆండ్రియా పల్లాడియో, మొచెనీగో అనే కుటుంబం కోసం ఒక విల్లా గీశాడు. మధ్య భవనం, నాలుగు వంపు చేతులు, నాలుగు ఉపభవనాలు. అది అక్కడ కట్టలేదు. కానీ 1570లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఆ బొమ్మ ఉంది. ఇంగ్లీషు ధనవంతులు దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ఆ బొమ్మ మీద మోజుపడ్డారు. నార్ఫోక్‌లో హోకమ్ హాల్‌కి నాలుగు ఉపభవనాలున్నాయి. ఆ పని చూసిన మాథ్యూ బ్రెటింగమ్‌నే నథానియల్ ముందు పిలిచాడు.

బ్రెటింగమ్ ఈశాన్యం మూల ఉపభవనం మొదలుపెట్టాడు. కుటుంబం నిజంగా ఉండటానికి కట్టింది అదే. తర్వాత జేమ్స్ పేన్ వచ్చాడు. వాయవ్యం మూల వంటశాల ఉన్న భాగం, మధ్య భవనం ఉత్తర ముఖం ఆయన హయాంలోవి. ఈలోపు రాబర్ట్ ఆడమ్ అనే ముప్పై ఏళ్ల స్కాట్లాండ్ కుర్రాడు రంగంలోకి దిగాడు. నాలుగేళ్లు ఇటలీలో ఉండి శిథిలాలు కొలిచి, ఎడ్రియాటిక్ తీరాన స్ప్లిట్‌లో రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ రాజభవనం కూడా కొలిచి, అప్పుడే తిరిగొచ్చాడు. నథానియల్ ముందు ఇతనికి తోట పనులు అప్పగించాడు. చిన్న మండపాలు, వంతెనలు, అంతే. కానీ ఆడమ్‌కి మాటకారితనం ఎక్కువ. అంతకుముందు జేమ్స్ స్టువర్ట్ అనే ఇంకో ఆర్కిటెక్టు ఇదే ఇంటి కోసం గీసిన లోపలి డిజైన్లను చూసి తమ్ముడికి వెటకారంగా ఉత్తరం రాశాడు. 1760 నాటికి ఇల్లు మొత్తం ఆడమ్ చేతికి వచ్చింది, పేన్ తప్పుకున్నాడు. పోటీవాడి డ్రాయింగుల్ని క్లయింటు ముందు పొగిడే ఆర్కిటెక్టును నేనింతవరకూ చూడలేదు.

ముందు ఉత్తర ముఖం. చివర నుంచి చివరకు సుమారు 107 మీటర్లు. మధ్యలో ఆరు కొరింథియన్ స్తంభాల, అంటే తలల మీద ఆకుల చెక్కడం ఉన్న స్తంభాల పోర్టికో (ముఖమండపం), పైన త్రికోణపు ముఖభాగం. కింది అంతస్తు గరుకు రాయితో పీఠంలా ఉంటుంది, రెండు వైపుల నుంచి మెట్లు ఎక్కి అసలు అంతస్తు చేరాలి. గంభీరంగా ఉంటుంది, కొంచెం బిగుసుకుపోయినట్టు కూడా ఉంటుంది. పేన్ తప్పేం లేదు, ఆ కాలపు పద్ధతే అది.

ఇప్పుడు దక్షిణం వైపు. ఇది ఆడమ్‌ది. ఒకే భవనానికి వెనకా ముందూ ఇద్దరు మనుషులు, రెండు మనస్తత్వాలు. ఆడమ్ రోమ్‌లోని కాన్‌స్టాంటైన్ చక్రవర్తి విజయతోరణాన్ని తీసుకొచ్చి ఇంటికి వీపులా అతికించాడు. గోడకు ఎడంగా నిలిచిన నాలుగు స్తంభాలు, వాటి నెత్తిన విగ్రహాలు, పైన శాసనఫలకం. వెనకాల తక్కువ ఎత్తులో గుమ్మటం. కింద వంపు తిరిగిన మెట్లు. గోడ ముందుకొస్తుంది, వెనక్కి వెళ్తుంది, గుండ్రమవుతుంది. ఆ తర్వాత కాలంలో ఆడమ్ తన సిద్ధాంతం రాసుకున్నాడు: భవనానికి చలనం ఉండాలి, కొండలూ లోయలూ చూపుని ఎలా కదిలిస్తాయో గోడలూ అలా కదిలించాలి అని. ఆ మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఆయన మిగతా పనిలో కూడా అరుదు. పైన ఫలకం మీద లాటిన్‌లో యజమాని పేరు, ఇది మిత్రుల కోసం, తన కోసం అని ఉంటుంది. మిత్రుల పేరు ముందు వేశాడు, గమనించండి. యుద్ధం గెలిచిన చక్రవర్తికి కట్టిన తోరణం, యుద్ధమేదీ గెలవని ఒక డెర్బీషైర్ భూస్వామి ఇంటి వెనక నిలబడింది. 1761లో ఆయనకు బ్యారన్ స్కార్స్‌డేల్ బిరుదు మాత్రం దక్కింది.

లోపలికి వెళ్దాం. ఉత్తరం మెట్లెక్కి తలుపు దాటగానే మార్బుల్ హాల్. ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను, ఈ ఇంటికి ప్రాణం ఇదే. 67 అడుగుల పొడవు, 37 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు. రెండు వరుసల్లో 20 స్తంభాలు, ఒక్కోటి 25 అడుగులు. పేరుకి మార్బుల్ హాల్ గానీ ఈ స్తంభాలు పాలరాయి కాదు, అలబాస్టర్ అనే మెత్తటి రాయి. పక్క జిల్లా నాటింగమ్‌షైర్‌లో కర్జన్లకే ఆ రాయి దొరికే గని ఉంది. ఇంగ్లాండ్ మధ్య ప్రాంతంలో ఈ రాయితో మధ్యయుగాల నుంచీ సమాధుల మీద శయన విగ్రహాలు చెక్కేవాళ్లు. మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. కానీ నీటికి కరుగుతుంది, వానలో పెడితే నిలవదు. అందుకని బయట సాధారణ రాయి, లోపల అలబాస్టర్. లేత గులాబీ, గోధుమ, ఆకుపచ్చ చారలతో ఏ రెండు స్తంభాలూ ఒకేలా ఉండవు. ఆడమ్ అంటే సన్నని ప్లాస్టర్ లతలు, లేత రంగులు అనుకునేవాళ్లకి ఇది దిమ్మ తిరిగేలా చేస్తుంది. ఇంత బరువైన గది ఆయన మళ్లీ చేసినట్టు నాకు గుర్తులేదు.

ఇంకో సంగతి, ఈ హాలు పక్క గోడలకు కిటికీల్లేవు. గోడల్లో గూళ్లు చేసి గ్రీకు, రోమన్ విగ్రహాల ప్లాస్టర్ అచ్చులు పెట్టారు. వెలుతురంతా కప్పులోని స్కైలైట్ల నుంచి కిందికి దిగుతుంది. రోమన్ ఇంట్లో మధ్యన ఆకాశానికి తెరిచి ఉండే ఆట్రియం ఉండేది. ఆడమ్ మనసులో ఉన్నది అదే. మన మండువా లోగిలి చూసినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు, పైనుంచి పడే వెలుగు గదికి ఎలాంటి నిదానం ఇస్తుందో మీకు తెలుసు. తేడా ఏమిటంటే మండువాలో వాన పడుతుంది, నీళ్లు కుండీలోకి చేరతాయి, వడియాలు ఆరబెడతారు. ఇక్కడ పైన అద్దం ఉంది, కింద చేసే పనేదీ లేదు. నడిచి దాటడమే.

దాటితే సలూన్. పూర్తి గుండ్రటి గది, 42 అడుగుల వ్యాసం, 62 అడుగుల ఎత్తు, రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన గుడిలా పైన గళ్ల గళ్ల గుమ్మటం, నడి నెత్తిన అద్దం. దక్షిణ ముఖం మీద మనం చూసిన తక్కువ ఎత్తు గుమ్మటం దీనిదే. ఒక వెలుగు నుంచి ఇంకో వెలుగులోకి, పొడవైన గది నుంచి గుండ్రటి గదిలోకి. పేన్ ప్లానులో ఈ రెండింటి మధ్య పెద్ద మెట్లు ఉండేవి, ఆడమ్ తీసేశాడు. ఆ ఒక్క మార్పుతో ఈ ఇల్లు వేరే ఇల్లయింది. సలూన్‌ని మొదట విగ్రహాలు పెట్టే గది అనుకున్నారు, తర్వాత నాట్యాలకు వాడారు. చలికి గూళ్లలో ఇనప పొయ్యిలు పెట్టారు. కానీ పొయ్యి పొయ్యిలా కనిపిస్తే ఎలా? వాటిని రోమన్ యజ్ఞవేదికల ఆకారంలో పోతపోయించారు. అంత పెద్ద గుమ్మటం కింద ఆ పొయ్యిలు ఎంత వేడి ఇచ్చి ఉంటాయో డెర్బీషైర్ జనవరిలో ఊహించుకోండి.

మిగతా గదులు గబగబా. తూర్పున డ్రాయింగ్ రూమ్, అందులో జాన్ లినెల్ చేసిన సోఫాలు, వాటికి చేతులుగా బంగారు పూత పూసిన మత్స్యకన్యలు. పడకగదిలో తాటిజాతి చెట్ల రూపంలో చెక్కిన మంచం కోళ్లు. సంగీతం గది, లైబ్రరీ. అన్నీ బాగుంటాయి, చూసి ముందుకెళ్లొచ్చు. భోజనాల గది మాత్రం కథ చెబుతుంది. వంటశాల వాయవ్యం ఉపభవనంలో ఉంది కదా. వంటశాల పొయ్యి మీద దుబారా వద్దు, కొరతా రాదు అనే అర్థం వచ్చే సామెత చెక్కి ఉంది. ఈ ఇంటి బిల్లులు చూసినవాళ్లకి అది జోకులా వినిపిస్తుంది. అక్కడి నుంచి పులుసూ మాంసమూ ఆ వంపు కారిడార్ పొడవునా మోసుకురావాలి. వచ్చేసరికి చల్లారిపోతాయి. అందుకే భోజనాల గది చివర అర్ధవృత్తపు గూటిలో పళ్లేలు వేడిచేసే పాత్ర ఒకటి ముస్తాబుగా పెట్టారు. ప్లానులో వచ్చిన లోపానికి సామానుతో జవాబు. మనం రోజూ చేసే పనే.

మరి కుటుంబం? ఈశాన్యం మూల, మామూలు ఎత్తు గదుల్లో, మామూలు పొయ్యిల దగ్గర హాయిగా ఉండేది. మధ్య భవనం అతిథుల కోసం, ఇంకా చూడవచ్చే జనం కోసం. 18వ శతాబ్దంలోనే ఇళ్లు చూడటానికి జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. శ్రీమతి గార్నెట్ అనే హౌస్‌కీపర్ చేతిలో చిన్న కాటలాగు పట్టుకుని గదులన్నీ తిప్పి చూపించేది. ఆమె బొమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. ఒక పనిమనిషికి తైలవర్ణ చిత్రం వేయించడం ఆ రోజుల్లో తరచుగా జరిగేది కాదు.

1777లో శామ్యూల్ జాన్సన్ వచ్చాడు, నిఘంటువు రాసిన జాన్సన్. పక్కన ఆయన జీవితచరిత్ర రాసిన బాస్వెల్. బాస్వెల్ అబ్బురపడ్డాడు. జాన్సన్ మాత్రం దీన్ని టౌన్ హాలుగా వాడుకుంటే బాగుంటుందన్నాడు. స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చు, గుండ్రటి గది జ్యూరీకి, పై గది ఖైదీలకు అని లెక్కచెప్పాడు. వేళాకోళమే. కానీ ఆ కాలంలో ఈ భవనం మీద వచ్చిన విమర్శల్లో నాకు ఇదే అన్నిటికంటే సూటిగా తోస్తుంది. ఇది ఇల్లు కాదు, ప్రభుత్వ భవనం అని ఆయన కన్ను పట్టేసింది. పాతికేళ్లలో అది నిజమైంది కూడా, డెర్బీలో కాకుండా కలకత్తాలో.

రిచర్డ్ వెలెస్లీ 1798లో గవర్నర్ జనరల్‌గా కలకత్తా వచ్చాడు. ఉన్న ఇల్లు ఆయనకు ఆనలేదు. 1799 ఫిబ్రవరిలో శంకుస్థాపన, 1803 జనవరికల్లా కొత్త భవనంలో పెద్ద విందు. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు లండన్‌లో బిల్లు చూసి మండిపడ్డారు. గీసింది చార్ల్స్ వ్యాట్, బెంగాల్ ఇంజనీర్స్‌లో కెప్టెన్. ఈయన బాబాయి శామ్యూల్ వ్యాట్ కెడిల్‌స్టన్ నిర్మాణంలో దగ్గరుండి పని చేయించినవాడు. అంటే ప్లాను ఆ కుటుంబంలో అందరికీ కంఠతా వచ్చు.

కెడిల్‌స్టన్‌లో డబ్బు చాలక రెండు ఉపభవనాలతో ఆగిపోయింది. దక్షిణాన రావలసిన రెండూ కట్టనేలేదు. కలకత్తాలో నాలుగూ కట్టారు. రాయి బదులు ఇటుక, మీద సున్నపు పూత. హాల్లో అలబాస్టర్ లేదు, నున్నగా మెరిసే గచ్చు స్తంభాలు. మన సున్నం మేస్త్రీల పనితనం తెలిసినవాళ్లు దాన్ని తక్కువ అనుకోరు. నేను ముఖ్యంగా చూసేది వాతావరణం. విడివిడి ఉపభవనాలు, మధ్యన వంపు వసారాలు అంటే నాలుగు దిక్కుల నుంచీ గాలి. డెర్బీషైర్‌లో ఇదే ఏర్పాటు చలిగాలిని ఇంట్లోకి పిలిచినట్టు ఉంటుంది. గంగ ఒడ్డున ఉక్కపోతలో అది వరం. మధ్యభవనంలో కాపురం అక్కర్లేదు, దర్బారు ఉంటే చాలు. ఒక ఉపభవనంలో కౌన్సిల్, ఇంకోదాంట్లో కుటుంబం. దండుగ అనుకున్న ప్లానుకి ఇక్కడ పని దొరికింది. ఒక్క బాధ మాత్రం పోలేదు. 1880లలో వైస్రాయ్ భార్య లేడీ డఫరిన్, వంటశాల కలకత్తాలో ఎక్కడో ఉందిట, ఈ ఇంట్లో మాత్రం లేదు అన్న ధోరణిలో రాసింది.

ఇక్కడో విచిత్రం. 1859లో కెడిల్‌స్టన్‌లో పుట్టిన జార్జ్ నథానియల్ కర్జన్, 1899లో వైస్రాయ్‌గా వచ్చి సరిగ్గా ఈ ఇంట్లో దిగాడు. తన పుట్టింటి నకలులో. దానికి కరెంటు దీపాలు, లిఫ్ట్ పెట్టించాడు. 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చాడు, 1905లో బెంగాల్‌ను చీల్చాడు. రెండూ ఒకే మనిషి చేసినవే. మన చరిత్ర పుస్తకాలు రెండోదాన్ని గుర్తుపెట్టుకుంటాయి, అది న్యాయమే. కెడిల్‌స్టన్ కింది అంతస్తులో ఆసియా నుంచి ఆయన పోగుచేసిన వస్తువులతో ఒక మ్యూజియం ఉంది. 1903 ఢిల్లీ దర్బారులో భార్య మేరీ కట్టిన నెమలి ఈకల డిజైను గౌను కూడా ఆ ఇంట్లోనే ఉంది. జరీ పని మన కార్మికులది, ఈకల కన్నుల దగ్గర మెరిసేవి పురుగుల రెక్కలు. కుట్టించుకున్నావిడ పేరు ఫలకం మీద ఉంటుంది, కుట్టినవాళ్లవి ఉండవు.

కోఠీ సంగతి. అదే కాలంలో, 1803 ప్రాంతంలో, హైదరాబాద్ రెసిడెంట్, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ తన రెసిడెన్సీ మొదలుపెట్టాడు. మనమంతా కోఠీ ఉమెన్స్ కాలేజీ అని పిలిచే భవనం. గీసింది శామ్యూల్ రసెల్, మద్రాస్ ఇంజనీర్స్ లెఫ్టినెంట్. ఇది కెడిల్‌స్టన్ నకలని నేను అనను. కానీ ఒకే బడిలో చదివిన భవనాలు. ఉత్తరాన ఆరు కొరింథియన్ స్తంభాల పోర్టికో, కింద వెడల్పాటి మెట్లు, రెండంతస్తుల ఎత్తు దర్బారు హాలు. ఖర్చు నిజాంది. ఒక కథ చెప్పుకుంటారు: కిర్క్‌పాట్రిక్ మొదట పెద్ద కాగితం మీద ప్లాను పంపితే నిజాం ఒప్పుకోలేదట. ఆ కాగితం ఆయన రాజ్యం మ్యాపంత ఉందట. అదే ప్లానుని చిన్న కార్డు మీద గీసి పంపితే వెంటనే సరే అన్నాడట. డ్రాయింగ్ స్కేలు గురించి విద్యార్థులకి చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు తెలీదు.

ప్రశ్నలున్నాయా? అక్కడ, చివర అమ్మాయి.

దక్షిణం ఉపభవనాలు రెండూ కట్టి ఉంటే కెడిల్‌స్టన్ ఇంకా బాగుండేదా అని అడుగుతోంది. ప్లాను కాగితం మీద చూస్తే అవుననిపిస్తుంది, నాలుగు మూలలూ సరిపోతాయి కాబట్టి. నేను వద్దంటాను. ఆ రెండూ వచ్చి ఉంటే ఆడమ్ దక్షిణ ముఖం రెండు రెక్కల మధ్య ఇరుక్కునేది. ఆ తోరణం, ఆ గుమ్మటం పార్కులో అంత దూరం నుంచి పక్కవాటంగా కనిపించేవి కావు. శీతాకాలం ఎండ వాలుగా పడే దేశంలో పొద్దున ఒక రెక్క నీడ, సాయంత్రం ఇంకో రెక్క నీడ ఆ గోడ మీద పడేవి. యజమాని దగ్గర డబ్బు అయిపోవడం ఆ గోడకు మేలు చేసింది. నాలుగూ ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే కలకత్తా వెళ్లండి, గవర్నర్ నివాసం అదే. అక్కడ దక్షిణ ముఖం ముందు నిలబడి, ఫోన్లో కెడిల్‌స్టన్ దక్షిణ ముఖం ఫొటో పక్కన పెట్టి చూసుకోండి. నా మాట ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, వచ్చాక వాదిద్దాం. ఇంకెవరైనా?